మూడేళ్లుగా ‘వచ్చే నెల నుంచి’

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికి 82 వేలు వస్తాయి. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కొంత పెట్టడం) మొదలుపెట్టాలని, టర్మ్ ఇన్సూరెన్స్ (నేను పోతేనే ఇంటివాళ్లకు డబ్బిచ్చే బీమా) తీసుకోవాలని మూడేళ్లుగా అనుకుంటున్నాను. వీడియోలు చూస్తాను, ఫండ్లు పోలుస్తాను, అక్కడితో ఆగిపోతాను. టర్మ్ దరఖాస్తు సగం నింపి వదిలేశాను. 6 లక్షలు సేవింగ్స్ ఖాతాలోనే ఉన్నాయి. మార్చిలో పన్ను కోసం హడావిడిగా కొన్న ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) కూడా ఒకటి ఉంది. ఈ బద్ధకం ఎలా వదులుతుంది?

జవాబు: ముందుగా మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానండి. బద్ధకస్తులు మూడేళ్లపాటు ఫండ్లు పోలుస్తూ కూర్చోరు. మీ ఉత్తరంలో నాకు కనిపించింది, ఎక్కడ తప్పు నిర్ణయం తీసుకుంటానోనన్న భయం. ఆ పని గుర్తొస్తే టెన్షన్, ‘వచ్చే నెల చూద్దాం’ అనుకోగానే ఊరట. ఆ ఊరటకే మనిషి అలవాటు పడిపోతాడు.

దరఖాస్తు ఏ పేజీలో ఆపారో మీరు రాయలేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది నామినీ వివరాల దగ్గర ఆగుతారు. భార్య పేరు, పుట్టిన తేదీ రాస్తుంటే తాను లేని ఇల్లు కళ్లముందు మెదులుతుంది. ఫోన్ పక్కన పెట్టేస్తారు. చాలా సహజమైన బాధ అది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ వివరాలు ఖాళీగా ఉన్నన్నాళ్లూ మీ పాపకు ఆధారం మీ జీతం ఒక్కటే. పైగా టర్మ్ ప్రీమియం చేరేనాటి వయసును బట్టి ఉంటుంది. ఈలోగా షుగరో బీపీయో బయటపడితే ప్రీమియం పెరగొచ్చు, దరఖాస్తునే తిరస్కరించొచ్చు.

తప్పు జరుగుతుందన్న భయానికి నా జవాబు ఇది: దిద్దుకోగలిగేవేవో, దిద్దుకోలేనివేవో విడదీసి చూడండి. సిప్ నచ్చకపోతే ఆపేయొచ్చు. కొత్త పాలసీ నచ్చకపోతే 30 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. గడిచిపోయిన ఏళ్లు మాత్రం తిరిగిరావు. నెలకు 10 వేలు, ఏటా 10 శాతం రాబడి అనుకుని లెక్క వేస్తే 25 ఏళ్లకు సుమారు కోటీ 33 లక్షలవుతుంది. ఒక్క ఏడాది ఆలస్యంగా మొదలుపెడితే అదే తేదీకి కోటీ 19 లక్షలే చేతికొస్తాయి. మార్కెట్లో 10 శాతం గ్యారంటీ ఏమీ లేదు. అయినా ఏ ఫండ్ మంచిదని మీనమేషాలు లెక్కపెట్టినందువల్ల కలిసొచ్చేదానికంటే పోయేదే ఎక్కువ.

ఒక్క విషయం గమనించండి. మీ పీఎఫ్ ఏ నెలైనా వాయిదా పడిందా? పడదు, ఎందుకంటే అది మీ చేతికి రాకముందే కట్ అవుతుంది. పట్టుదల మీద ఆధారపడని పొదుపే నిలుస్తుంది. అమెరికాలో రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జీ అనే ఆర్థికవేత్తలు ఇదే చేసి చూపించారు. ఇప్పుడు పొదుపు పెంచలేమన్న ఉద్యోగులను, రాబోయే ఇంక్రిమెంట్లలో కొంత పొదుపుకు వెళ్లేలా ముందే ఒప్పుకోమన్నారు. 2004లో వాళ్లు ప్రచురించిన ఫలితాల ప్రకారం, అలా చేరినవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. మన దగ్గర స్టెప్-అప్ సిప్ (ఏటా కట్టే మొత్తం దానంతటదే పెరిగేది) పనిచేసేదీ ఇలాగే.

అందుకని ఈ శనివారం ఉదయం పది గంటలకు మీ భార్యతో కలిసి కూర్చోండి. పాన్, ఆధార్, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్ ముందురోజు రాత్రే తీసిపెట్టుకోండి. మొదట టర్మ్ పాలసీ. కోటిన్నర కవర్, 60 ఏళ్ల వరకు చాలు. సిగరెట్ అలవాటు, పాత జబ్బులు ఏవీ దాచొద్దు, దాస్తే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది ఆమే. నామినీ వివరాలు ఆమెతోనే నింపించండి.

తర్వాత సిప్. నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ (50 పెద్ద కంపెనీల షేర్ల సూచీని అనుసరించేది), డైరెక్ట్ ప్లాన్ (ఏజెంటు కమీషన్ లేనిది), నెలకు 10 వేలు. జీతం ఒకటో తారీఖున పడితే 5వ తేదీకి ఆటో డెబిట్ పెట్టండి. ఏటా 10 శాతం స్టెప్-అప్ కూడా అప్పుడే ఎంచుకోండి. ఇంతకంటే మంచి ఫండ్ ఉండొచ్చు, దాని కోసం ఇంకో వీడియో చూడకండి.

ఆ 6 లక్షలు మీ అత్యవసర నిధి, మార్కెట్లో పెట్టొద్దు. లక్ష ఖాతాలో ఉంచి మిగతా 5 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయండి. సేవింగ్స్‌లో రెండున్నర శాతం, డిపాజిట్‌లో 6 శాతం అనుకున్నా ఏడాదికి 17,500 తేడా వస్తుంది.

ఎండోమెంట్ పాలసీ విషయంలో మాత్రం తొందరపడకండి. అందులో బీమా ఎంత తక్కువున్నా, కొత్త టర్మ్ పాలసీ చేతికి వచ్చేదాకా దాన్ని రద్దు చేయొద్దు. ఈలోగా ఇప్పుడు సరెండర్ చేస్తే (పాలసీ మూసేస్తే) ఎంత వస్తుందో, పెయిడప్ చేస్తే (ఇక ప్రీమియం కట్టకుండా పాలసీని అలాగే ఉంచితే) ఎంత వస్తుందో కంపెనీని రాతపూర్వకంగా అడగండి. ఆ రెండు అంకెలు, ఇప్పటిదాకా కట్టిన ప్రీమియం, పాలసీ ముగిసే తేదీ నాకు రాసి పంపండి, అప్పుడు తేల్చుకుందాం.