టెక్ సందేహాలు: పాత అచ్చుబొమ్మను ఏఐ యాప్‌కి ఇవ్వకండి

ప్రశ్న: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంటున్నాం. పాత సామాన్ల సంతలో ఒక ఊరి బొమ్మ కొన్నాను. దాని మీద ‘లాంగెన్ ష్వాల్‌బాఖ్’ అని ఉంది. మేరియన్ అనే పాతకాలపు చిత్రకారుడి రాగిరేకు అచ్చు (రాగిరేకు మీద చెక్కి కాగితం మీద ఒత్తిన బొమ్మ) అని చెప్పి అమ్మారు. మ్యాప్‌లో ష్వాల్‌బాఖ్ అని కొడితే మా పక్క ఊరే వస్తోంది. స్కాన్ చేస్తే కొండల మీద అలల్లాంటి చారలు పడ్డాయి. ఏఐ యాప్‌లో వేస్తే నున్నగా వచ్చింది. దాన్నే పెద్దది చేయించి గోడకు పెట్టుకోవచ్చా? అసలు ఈ బొమ్మ పాతదేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: యాప్ ఇచ్చిన బొమ్మను దయచేసి ప్రింట్ చేయించకండి. ఒక ఇంటి కప్పు దగ్గర జూమ్ చేసి, మీ చేతిలోని కాగితంతో పోల్చి చూడండి. కిటికీల లెక్క తేడా వస్తుంది, గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. ఈ బొమ్మలో నీడ, కొండ, నీరు అన్నీ గీతలే. యాప్ వాటిని మరక అనుకుని చెరిపేసి, తనకు తోచింది గీస్తుంది.

స్కాన్‌లో పడ్డ ఆ అలల పేరు మోయిరే. 200 డీపీఐలో (అంగుళానికి 200 చుక్కలు) ఒక్కో పిక్సెల్ సుమారు 0.13 మిల్లీమీటర్లు. గీతల మధ్య ఎడం కూడా దాదాపు అంతే ఉంటే పిక్సెళ్ల వరస, గీతల వరస ఢీకొని లేని చారలు పుడతాయి. 600 డీపీఐ పెట్టండి, వీలైతే 1200. స్కానర్ సెట్టింగుల్లో డీస్క్రీన్ (అచ్చు చుక్కల్ని చెరిపేది), షార్పెన్ (గీతలకు పదును పెట్టేది) రెండూ ఆపేసి, నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా సేవ్ చేయండి. స్కాన్‌ని 100 శాతం జూమ్‌లోనే చూడండి. చిన్నది చేసి చూస్తే మంచి స్కాన్‌లోనూ అలలు కనిపిస్తాయి. కాగితం ఏ4 కంటే పెద్దదైతే రెండు ముక్కలుగా, నాలుగు వేళ్ల మేర ఒకదాని మీద ఒకటి వచ్చేలా తీసి, ఉచితంగా దొరికే హ్యూగిన్ అనే సాఫ్ట్‌వేర్‌లో అతికించండి. కాగితాన్ని లోపలికి లాక్కునే ఫీడర్‌లో మాత్రం పెట్టకండి, మడత దగ్గర చిరుగుతుంది.

పాతదా కాదా అన్నదానికి ముందు ఫోన్ మాక్రో కెమెరా చాలు. చెక్కిన గీత సన్నగా మొదలై, మధ్యలో లావెక్కి, మొనదేలి ఆగుతుంది. గీత బదులు వరసగా చుక్కలు కనిపిస్తే అది ఈ కాలపు యంత్రాల మీద వేసిన ఆఫ్‌సెట్ ప్రింట్. చుక్కలు లేనంత మాత్రాన పాతదని తేల్చేయకండి, గీతల్ని గీతలుగానే దించిన నకళ్లూ ఉన్నాయి. గది చీకటి చేసి టార్చిని కాగితానికి పక్కగా, బాగా కిందికి పట్టండి. రాగిరేకు ఒత్తిన అంచు బొమ్మ చుట్టూ చిన్న గట్టులా తేలుతుంది. అంచులు కత్తిరించేసి ఉంటే అది కనబడదు. అప్పుడు కాగితాన్ని కిటికీకి పట్టి చూడండి. మేరియన్ కాలపు చేతి కాగితంలో రెండు, మూడు సెంటీమీటర్లకొక నిలువు గీత, వాటికి అడ్డంగా దగ్గర దగ్గరగా సన్న గీతలు ఉంటాయి.

ఊరి సంగతి సులువే. బొమ్మలోది మీ పక్క ఊరు కాదు, టౌనస్ కొండల్లోని నీటి బుగ్గల ఊరు. 1927 నుంచి దాని పేరు బాడ్ ష్వాల్‌బాఖ్, అలా వెతకండి. మీరుండే ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే అచ్చుపని నడిపిన మత్తేయస్ మేరియన్ 1650లో కన్నుమూసింది ఆ ఊళ్లోనే.

స్కాన్ ఇంట్లోవాళ్లకు వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే సైజు తగ్గి అలలు మళ్లీ వస్తాయి.