కుక్క తోడు మంచిదే, ముందు ఆ పంటి గాటు సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 52. మాది కావలి దగ్గర పల్లెటూరు. ఏడాదిన్నర కిందట మావారు పోయాక తిండీ నిద్రా లేకుండా పోయాయి. డిప్రెషన్ అన్నారు. నాలుగు నెలలుగా ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వాడుతున్నాను. రెండు నెలల కిందట, కాలు విరిగితే కట్టు కట్టించి బాగు చేసిన ఒక వీధికుక్కను తెచ్చుకుని పెంచుకుంటున్నాను. అది వచ్చినప్పటి నుంచి పొద్దున్నే లేస్తున్నాను, రాత్రి నిద్ర పడుతోంది. ఇక మాత్రలు ఆపేయవచ్చా? మొన్న అన్నం పెడుతుంటే దాని పన్ను గీరుకుని వేలికి కాస్త రక్తం వచ్చింది. పసుపు అద్దితే తగ్గిపోయింది.
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మాత్రల సంగతి తర్వాత చెబుతాను. మీరు చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన ఆ వేలి గాయమే నాకు ఎక్కువ ఆందోళనగా ఉంది.

పన్ను గీరుకుని రక్తం వచ్చిందంటే, గాయం ఎంత చిన్నదైనా రేబిస్ లెక్కలో అది మూడో కేటగిరీ. టీకాతో పాటు గాయం చుట్టూ సీరం, అంటే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమయ్యే రకం. టీకా పనిచేసి ఒంట్లో రక్షణ తయారవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆలోగా గాయం దగ్గరున్న వైరస్‌ను సీరం అక్కడే అడ్డుకుంటుంది. వేళ్లలో నరాలు ఎక్కువ కాబట్టి చేతి గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పైన పుండు మానిపోవడం వేరు, లోపలి ప్రమాదం పోవడం వేరు. రేబిస్ లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి. వారానికే రావచ్చు, ఏడాదికీ రావచ్చు. బయటపడ్డాక మాత్రం మనిషిని బతికించే మందు మా దగ్గర లేదు. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, పసరు, ఇవేవీ వైరస్‌ను చంపవు. పైగా గాయాన్ని మండించి ఇంకా చెడగొడతాయి. గీరుకున్న వెంటనే చేయాల్సింది ఒక్కటే: ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం. చదువుకున్నవాళ్లు కూడా ఇది వదిలేసి పసుపు డబ్బా వెతుక్కుంటారు. దయచేసి ఇంకెప్పుడూ అలా చేయకండి.

ఈ జవాబు మీరు చదివేసరికి ఎన్ని రోజులు గడిచినా సరే, ఆలస్యమైందని మానుకోవద్దు. టీకాను చర్మంలోకి ఇస్తే మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకూ వేస్తారు. కండకు ఇస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. మీ పీహెచ్‌సీలో సీరం లేకపోతే కావలి ఏరియా ఆసుపత్రికో, నెల్లూరు పెద్దాసుపత్రికో వెళ్లండి. గతంలో రేబిస్ టీకాల కోర్సు పూర్తి చేసి ఉంటే ఆ సంగతి తప్పక చెప్పండి, అప్పుడు సీరం లేకుండా రెండు డోసులే సరిపోతాయి. నేను మిమ్మల్ని చూడకుండా రాస్తున్నాను, గాయం చూసే డాక్టరుదే చివరి నిర్ణయం.

కుక్కకు టీకాలు వేయించారో లేదో మీరు రాయలేదు. 'వేయించాం' అన్న మాట చాలదు, తేదీలున్న కార్డు కావాలి. రేబిస్ టీకా ఏటా వేయించాలి, ఏలికపాముల మందు మూడు నెలలకోసారి పట్టించాలి. గీరిన రోజు నుంచి పది రోజులు దాన్ని గమనించండి. తిండి మానేసినా, చొంగ కార్చినా, వెనక కాళ్లు ఈడ్చినా, ఉన్నట్టుండి కరవబోయినా ముట్టుకోకుండా పశువైద్యుడికి చెప్పండి. పది రోజులు అయ్యాక చూద్దామని మీ సూది మాత్రం ఆపకండి. పదో రోజున కూడా కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా డోసుల సంగతి డాక్టరు చెబుతారు.

దాన్ని వదిలేయమని నేను అనడం లేదు. ఆకలితో పెరిగిన వీధికుక్క గిన్నె దగ్గరకు చెయ్యి వస్తే తిండి లాక్కుంటారని భయపడుతుంది. అది దాని తప్పు కాదు. గిన్నె కింద పెట్టి రెండడుగులు వెనక్కి జరగండి, తినేటప్పుడు నిమరకండి, చేత్తో ముద్దలు పెట్టకండి. కాలు విరిగిన కుక్క కాబట్టి పూటకు 10-15 నిమిషాల నడక చాలు. మన ఎండలకు ఉదయం ఏడులోపే తిప్పండి. అరచేతి వెనక భాగం రోడ్డు మీద అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలతాయి. రాత్రి వేరే చోట పడుకోబెట్టండి. అది మొరిగి మీ నిద్ర చెడితే, డిప్రెషన్‌లో అది పెద్ద నష్టమే.

ఇక మీరు అడిగిన మాత్రలు. ఆపకండి. ఈ మందు పని కనబడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మీరు మొదలుపెట్టిన రెండు నెలలకు కుక్క వచ్చింది, అంటే సరిగ్గా మందు పట్టు దొరికిన సమయంలో. కుక్క వల్ల మేలు జరగలేదని కాదు. వేళకు లేవడం, పొద్దుటి వెలుగులో నడక, చేతికి ఒక ప్రాణి తగలడం, మాట్లాడడానికి ఒకరుండడం, ఇవన్నీ నిజంగా చికిత్సలో భాగమే. కానీ మందు తీసేస్తే ఆ మేలు నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పూర్తిగా కుదుటపడ్డాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడి, తర్వాత మీ సైకియాట్రిస్టు చెప్పినట్టు వారాల మీద మెల్లగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండడం, వికారం, చిరాకు రావచ్చు. రోజు విడిచి రోజు వేసుకునే సొంత లెక్కలూ వద్దు.

మీకు మళ్లీ లేవబుద్ధి కాని రోజు వస్తే కుక్కకు అన్నం పెట్టే మనిషిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. దానికీ పస్తు ఉండదు, మీకూ ఆ దిగులు ఉండదు. బతకాలనిపించని ఆలోచనలు వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవాళ ఆదివారమైనా, పండగైనా ఏరియా ఆసుపత్రి అత్యవసర విభాగం తెరిచే ఉంటుంది. మాత్రల చీటీ, కుక్క కార్డు సంచిలో వేసుకుని వెళ్లండి. గాయం మానింది కదా అని అక్కడ ఎవరైనా తేలిగ్గా తీసేసినా, రక్తం వచ్చిందని గట్టిగా చెప్పండి.