ఈఎక్స్ఈ చేశాక మొరాయిస్తోందా?

పైథాన్ ప్రోగ్రామును పైఇన్‌స్టాలర్‌తో ఈఎక్స్ఈగా (పైథాన్ లేని విండోస్ సిస్టమ్‌లోనూ నేరుగా నడిచే ఫైలుగా) మార్చేటప్పుడు ఎదురయ్యే చిక్కుల మీద బెంగళూరు పాఠకుల ప్రశ్నలకు ఈసారి జవాబులు. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో అచ్చువేశాం. టైపు చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

ప్రశ్న: చిక్‌పేటలో చీరల హోల్‌సేల్ కొట్టుకి బిల్లింగ్ ప్రోగ్రాము రాసి --వన్‌ఫైల్ (అంతా ఒకే ఫైలుగా చేయమనే ఆప్షన్) పెట్టి ఈఎక్స్ఈ చేశాను. బిల్లులు బాగానే పడుతున్నాయి. కానీ మూసి మళ్లీ తెరిస్తే ఆ రోజు కొట్టిన బిల్లులన్నీ మాయం. ఎర్రరేమీ లేదు. బిల్లులు దాచే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలు పాడైందంటారా?
– ఒక పాఠకుడు, చిక్‌పేట

జవాబు: పాడవలేదండీ, రోజూ చెరిగిపోతోంది. వన్‌ఫైల్ ఈఎక్స్ఈ అంటే మూటగట్టిన సామాను. డబుల్ క్లిక్ చేయగానే విండోస్ టెంప్ ఫోల్డర్లో '_ఎంఈఐ'తో మొదలై చివర అంకెలుండే ఫోల్డరొకటి పుడుతుంది. పైథాన్ ఇంటర్‌ప్రెటర్, లైబ్రరీలు, మీరు --యాడ్-డేటాతో చేర్చినవి అన్నీ అందులోకి విప్పుకుంటాయి. ప్రోగ్రాము మూయగానే ఆ ఫోల్డర్ పోతుంది, దాంతోపాటే మీ డేటాబేసూ పోతుంది. ప్రోగ్రాము నడుస్తుండగా రన్ బాక్సులో %టెంప్% అని కొట్టి చూడండి, కళ్లెదుటే కనిపిస్తుంది.

మీరు డేటాబేస్ దారిని '__ఫైల్__' నుంచి లెక్కగట్టి ఉంటారు. మామూలుగా నడిపినప్పుడు అది మీ ప్రాజెక్ట్ ఫోల్డర్, ఈఎక్స్ఈలో నడిపినప్పుడు ఈ టెంప్ ఫోల్డర్. కాబట్టి ఫైళ్లను రెండు కుప్పలుగా విడదీయండి. లోగో, ఫాంటు, బిల్లు నమూనా లాంటి చదివే ఫైళ్లు మూటలోనే ఉండనివ్వండి. వాటి దారి 'సిస్._ఎంఈఐపాస్'లో దొరుకుతుంది (ఎంఈఐపాస్ అంతా పెద్దక్షరాలే). రాసే ఫైళ్లు, అంటే డేటాబేసు, సెట్టింగులు, లాగు, %యాప్‌డేటా% కింద మీ ప్రోగ్రాము పేరుతో ఫోల్డర్ చేసి అందులో పెట్టండి. మొదటిసారి నడిచినప్పుడు అక్కడ డేటాబేస్ లేకపోతే ఖాళీ నమూనాను మూటలోంచి 'షుటిల్.కాపీ'తో తెచ్చి పెట్టే నాలుగు లైన్లు చాలు.

ఈఎక్స్ఈ పక్కనే పెట్టుకుంటానంటే 'సిస్.ఎగ్జిక్యూటబుల్' ఉన్న ఫోల్డర్ వాడొచ్చు. అయితే దాన్ని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఇన్‌స్టాల్ చేసిన రోజున మామూలు యూజరుకి అక్కడ రాసే అనుమతి ఉండదు. ఇక దారేమీ లేకుండా ఉత్త 'బిల్స్.డీబీ' అని రాయడం మరీ ప్రమాదం. షార్ట్‌కట్‌లో 'స్టార్ట్ ఇన్' మారితే అది ఇంకోచోట కొత్త ఖాళీ డేటాబేసు తెరుచుకుంటుంది.

పోయిన బిల్లుల మాటకొస్తే, కరెంటు పోయి సిస్టమ్ టక్కున ఆగిపోయిన రోజులుంటే అవే మీ అదృష్టం. ఆ రోజు తుడవడానికి వ్యవధి ఉండదు కనుక పాత _ఎంఈఐ ఫోల్డర్ టెంప్‌లో మిగిలే అవకాశం ఉంది. డిస్క్ క్లీనప్ జోలికి వెళ్లకముందే వెతకండి.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో చక్కగా నడుస్తుంది. ఈఎక్స్ఈ తెరిస్తే నల్ల కిటికీ ఒకసారి మెరిసి పోతుంది. --విండోడ్ (నల్ల కిటికీ రాకుండా నడిపే ఆప్షన్) పెడితే 'ఫెయిల్డ్ టు ఎగ్జిక్యూట్ స్క్రిప్ట్' అంటుంది.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ముందు డబుల్ క్లిక్ మానేయండి. --విండోడ్ తీసేసి మళ్లీ బిల్డ్ చేసి, కమాండ్ ప్రాంప్ట్‌లో డిస్ట్ ఫోల్డరుకి (తయారైన ఈఎక్స్ఈ ఉండేది అక్కడే) వెళ్లి అక్కణ్నుంచి నడపండి. అసలు ఎర్రరు తెర మీద నిలబడుతుంది. దాని చివరి లైను చూడకుండా చేసే వైద్యమంతా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

ఆ లైను 'మాడ్యూల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్' అయితే కారణం రెండింట్లో ఒకటి. సిస్టమ్‌లో రెండు పైథాన్లుండి, లైబ్రరీ ఒకదాంట్లో, పైఇన్‌స్టాలర్ ఇంకోదాంట్లో ఉండటం మొదటిది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్క ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్) యాక్టివేట్ చేసి, పైఇన్‌స్టాలర్‌ను అందులోనే వేసి, 'పైథాన్ -ఎం పైఇన్‌స్టాలర్ యాప్.పీవై' అని నడపండి. ఇక్కడ పైఇన్‌స్టాలర్‌లో పీ, ఐ పెద్దక్షరాలు. రెండోది: పైఇన్‌స్టాలర్ మీ కోడ్‌లో ఇంపోర్ట్ స్టేట్‌మెంట్లు వెతుక్కుంటూ పోతుంది. 'ఇంపోర్ట్‌లిబ్'తో పేరును స్ట్రింగుగా ఇచ్చి పిలిచే మాడ్యూళ్లు దాని కంటికి ఆనవు. అలాంటి వాటిని --హిడెన్-ఇంపోర్ట్ పక్కన పేరు రాసి చెప్పాలి. లైబ్రరీ మొత్తం అలాంటిదే అయితే --కలెక్ట్-ఆల్.

బిల్డ్ ఫోల్డర్లో 'వార్న్'తో మొదలయ్యే టెక్స్ట్ ఫైల్లో దొరకని మాడ్యూళ్ల జాబితా ఉంటుంది. అందులో 'పీడబ్ల్యూడీ', 'జీఆర్‌పీ' చూసి కంగారుపడకండి. అవి లైనక్స్ సరుకు, విండోస్‌లో ఎలాగూ ఉండవు. మీ ఎర్రరులో కనిపించిన పేరు ఉందో లేదో అంతవరకే చూడండి.

కన్సోల్‌తో నడిచి, --విండోడ్ పెట్టినప్పుడే చస్తోందంటే దారి వేరు. కన్సోల్ లేనప్పుడు 'సిస్.ఎస్‌టీడీఅవుట్' విలువ 'నన్'. ఉత్త ప్రింట్ దాన్ని చూసి నోరు మూసుకుంటుంది గానీ, నేరుగా దాంట్లోకి 'రైట్' చేసే ప్రోగ్రెస్ బార్ లాంటివి అక్కడే పడిపోతాయి. ప్రోగ్రాము మొదట్లోనే అది నన్ అయితే ఒక లాగ్ ఫైలు తెరిచి దానికి అప్పగించండి. తెరిచేటప్పుడు 'ఎన్‌కోడింగ్'కి 'యూటీఎఫ్-8' ఇవ్వండి, లేకపోతే తెలుగు పేరు రాయబోయిన చోట 'చార్‌మ్యాప్' ఎర్రరు కొత్తగా తగులుకోవచ్చు.

ప్రశ్న: విడిభాగాల ఫొటోలు తనిఖీ చేసే ప్రోగ్రాములో మల్టీప్రాసెసింగ్ (పనిని ఒకేసారి పలు ప్రాసెసులకు పంచే పద్ధతి) వాడాం. ఈఎక్స్ఈ తెరిస్తే కిటికీ మీద కిటికీ తెరుచుకుంటూ సిస్టమ్ బిగుసుకుపోతోంది.
– ఒక పాఠకుడు, పీణ్య

జవాబు: ముందు 'టాస్క్‌కిల్ /ఎఫ్ /ఐఎం' పక్కన మీ ఈఎక్స్ఈ పేరు కొట్టి అన్నిటినీ ఒక్కసారే ఆపండి. విండోస్‌లో కొత్త ప్రాసెస్ కావాలంటే పైథాన్ 'సిస్.ఎగ్జిక్యూటబుల్'ను మళ్లీ నడుపుతుంది. మామూలుగా అది పైథాన్, ఈఎక్స్ఈలో అది మీ ప్రోగ్రామే! పిల్ల ప్రాసెస్ తాను పిల్లనని తెలుసుకోక మొత్తం ప్రోగ్రామును మొదట్నుంచి ఎత్తుకుంటుంది, అదీ పిల్లల్ని పెడుతుంది.

'ఇఫ్ __నేమ్__ == "__మెయిన్__":' కింద మొట్టమొదటి లైనుగా 'మల్టీప్రాసెసింగ్.ఫ్రీజ్_సపోర్ట్()' రాయండి. కమాండ్ లైను ఆర్గ్యుమెంట్లు చదివే 'ఆర్గ్‌పార్స్' కంటే ముందుండాలి. పిల్ల ప్రాసెసుకి వచ్చే ఆర్గ్యుమెంట్లను అది ముందు చూస్తే తెలియనివంటూ గొడవ చేస్తుంది.

ప్రశ్న: పెన్‌డ్రైవులో తీసుకెళ్లి వేరే సిస్టమ్‌లో పెడితే పైథాన్ డీఎల్ఎల్ లోడ్ కాలేదంటోంది. ఇంకో చోట యాంటీవైరస్ ఏకంగా ఎత్తేసింది.
– ఒక పాఠకుడు, ఎస్పీ రోడ్డు

జవాబు: బిల్డ్ ఫోల్డర్లోని ఈఎక్స్ఈని కాపీ చేసి ఉంటారు. అది సగం వండినది, తీసుకెళ్లాల్సింది డిస్ట్‌లోది. --వన్‌డైర్ (ఒకే ఫైలుగా కాక ఫోల్డరుగా చేసే ఆప్షన్) అయితే ఆరో వెర్షన్ (2023) నుంచి లైబ్రరీలన్నీ '_ఇంటర్నల్' ఫోల్డర్లో ఉంటాయి. దాన్ని వదిలేసి ఈఎక్స్ఈ ఒక్కటే పట్టుకెళ్తే ఇదే ఎర్రరు. అవతలిది విండోస్ 7 అయితే పైథాన్ 3.8తోనే బిల్డ్ చేయాలి, 3.9 నుంచి అక్కడ నడవదు. 32 బిట్ విండోస్‌కి 32 బిట్ పైథాన్ కావాలి.

యాంటీవైరస్ అనుమానం మీ కోడ్ మీద కాకపోవచ్చు. పైఇన్‌స్టాలర్ బూట్‌లోడర్‌ను (ఈఎక్స్ఈ తెరవగానే ముందు నడిచి మీ ప్రోగ్రామును లేపే భాగాన్ని) వైరస్‌లు రాసేవాళ్లూ వాడతారు, ఆ మచ్చ అందరికీ అంటుతుంది. వన్‌ఫైల్ వదిలి వన్‌డైర్‌కి మారండి, --నోయూపీఎక్స్ (ఫైళ్లను కుదించే యూపీఎక్స్ వాడొద్దనే ఆప్షన్) పెట్టండి, బూట్‌లోడర్‌ను సొంతంగా కంపైల్ చేసుకుంటే ఇంకా నయం. అమ్మకానికి పెట్టేదైతే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్ (ప్రోగ్రాము ఎవరిదో చూపే డిజిటల్ సంతకానికి) ఖర్చు పెట్టుకోవడమే మంచిది. యాంటీవైరస్ ఆపేసుకోమని కస్టమర్‌కి మాత్రం చెప్పకండి.