సూర్యలంక బీచ్‌లో ఒడ్డు పిట్టల ఫొటోలు ఎట్లా తీయాలి?

నల్లగొండ నుంచి సంక్రాంతి సెలవులకు బాపట్ల దగ్గరి సూర్యలంక పోతున్నామని, 300 ఎంఎం లెన్స్‌కు ఒడ్డు పిట్టలు అందుతాయా అని అడిగారు. అందుతాయి. కానీ వాటి వెంటపడొద్దు, అవే మీ దగ్గరికి రావాలి.

నేనూ నల్లగొండవాణ్నే. ఈ పని నాకు అబ్బింది పానగల్లు ఉదయసముద్రం బురదలో. పోయేముందు మీరూ అక్కడ రెండు పొద్దులు కూర్చోండి. తోక ఆడించుకుంట తిరిగే కామన్ సాండ్‌పైపర్, పొడుగు ఎర్రకాళ్ల స్టిల్ట్ చలికాలంలో అక్కడా కనబడతాయి. నిలబడి నడిస్తే ముందు తీతువు అరుస్తది, దాంతో అన్నీ లేస్తాయి. బోర్లా పడుకొని కదలకుండా ఉంటే కాసేపటికి మనల్ని మరిచిపోయి మేసుకుంట దగ్గరికొస్తాయి. సముద్రం దగ్గరా అంతే. కెమెరా కింద చిన్న సంచిలో బియ్యం పోసి పెట్టుకోండి, ఇసుకలో ట్రైపాడ్ కన్నా అదే నయం.

వెలుతురు సంగతి చాలామంది చెప్పరు. మనది తూర్పు తీరం. పొద్దున సూర్యుడు సముద్రం మీద లేస్తాడు కాబట్టి నీళ్లవైపు తీస్తే పిట్ట నల్లగా వస్తది. పొద్దుగాల ఒడ్డు వెంబడి పక్కకు గురిపెట్టండి. సాయంత్రం ఎండ మన వెనక నుంచి పడతది, నాకైతే అదే ఇష్టం. తెల్లటి ఇసుకకు కెమెరా మోసపోయి ఫొటోను చీకటి చేస్తది, ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుతురు) కొంచెం పెంచండి.

స్నానాల జనాన్ని దాటి దూరం నడవండి. అలతో పాటు ముందుకూ వెనక్కూ ఉరికేది సాండర్లింగ్, దానికి షట్టర్ వేగం 1/2000 సెకను పెట్టండి. సాండ్ ప్లవర్ ఉరికి టక్కున ఆగుతది, ఆ ఆగినప్పుడే నొక్కండి. పోటు వచ్చేటప్పుడు బురద మునిగి గుంపులు ఒడ్డుకు జరుగుతాయి, ఆ వేళ చూసుకోండి. ఉప్పుగాలిలో మాత్రం లెన్స్ మార్చొద్దు.

గుంపు ఒంటికాలి మీద నిలబడి కునుకు తీస్తుంటే లేపి ఎగిరే ఫొటో తీయొద్దని నా విన్నపం. ఇవి ఉత్తరాన సైబీరియా వంటి చోట్ల నుంచి వచ్చినవి. తిరిగి పోవడానికి కొవ్వు కూడబెట్టుకోవాలి, ఊరికే ఎగిరితే అది కరిగిపోతది.

ఏ పిట్ట కాలికైనా రింగుగానీ రంగు ప్లాస్టిక్ ముక్కగానీ కనబడితే, కాళ్లు స్పష్టంగా వచ్చేటట్టు ఒక ఫొటో తీసి, చోటు, తేదీ రాసి, పిట్టల వలసను తెలుసుకోవడానికి ఇట్లాంటి రింగులు వేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి.