విదేశీ సైన్యంలో ఉద్యోగం ఇప్పిస్తానంటున్న ఏజెంటును నమ్మవచ్చా?

ఒంగోలులో ఒక ఏజెంటు మీ తమ్ముడికి రష్యా సైన్యంలో సహాయకుడి పని ఇప్పిస్తానని, ఏడాది చేస్తే పౌరసత్వం కూడా వస్తుందని చెప్పి 3 లక్షలు అడుగుతున్నాడని, అసలు ఒక దేశం పరాయి పౌరులను తన సైన్యంలో చేర్చుకుంటుందా అని మీరు అడిగారు. చేర్చుకుంటుంది. అయినా మీ తమ్ముణ్ణి పంపవద్దనే చెబుతాను. ఎందుకో నా అనుభవం నుంచి వివరిస్తాను.

మాది గిద్దలూరు దగ్గరి పల్లె. మన సైన్యం సిగ్నల్స్ విభాగంలో 17 ఏళ్ళు పనిచేసి హవల్దారుగా పింఛను తీసుకున్నాను. అందులో రెండేళ్ళకు పైగా ఒక గోర్ఖా పటాలంతో కలిసి ఉన్నాను. ఆ పటాలంలో చాలామంది నేపాల్ పౌరులు. 1947లో భారత్, బ్రిటన్, నేపాల్ కుదుర్చుకున్న త్రైపాక్షిక ఒప్పందం ప్రకారం అప్పటి పది గోర్ఖా రెజిమెంట్లలో ఆరు మనకు, నాలుగు బ్రిటన్‌కు వచ్చాయి. తరువాత మనవాళ్ళు మరొకటి ఏర్పాటు చేసుకున్నారు. నాతో ఒకే బ్యారక్‌లో ఉన్న ఒక నాయక్ పోఖ్రా వైపు వారు. ఆయన జీతం, సెలవు, పింఛను అన్నీ నావంటివే. అంతకుముందు మన సైన్యంలోనే పనిచేసిన ఆయన తండ్రి, పోఖ్రాలో మన ప్రభుత్వం నడిపే పింఛను కార్యాలయానికి వెళ్ళి ప్రతి నెలా డబ్బు తెచ్చుకునేవారట. అలాంటి కార్యాలయాలు ఖాట్మండులోనూ, ధరాన్‌లోనూ ఉన్నాయి. పరాయి దేశపు సిపాయి వెనుక రెండు ప్రభుత్వాలు నిలబడడం అంటే ఏమిటో నాకు అక్కడే తెలిసింది. 2022లో అగ్నిపథ్ వచ్చి, నాలుగేళ్ళ తరువాత నలుగురిలో ఒక్కరినే ఉంచుకుంటామన్నప్పుడు, ఇది పాత ఒప్పందానికి సరిపోదని నేపాల్ ప్రభుత్వమే అభ్యంతరం చెప్పింది, అక్కడ నియామకాలు ఆగిపోయాయి. తన పిల్లల తరఫున అడగడానికి ఒక దేశం ఉండబట్టే అది జరిగింది.

మిగతా దేశాల్లోనూ నియమబద్ధంగా జరిగేవి ఉన్నాయి. ఫ్రాన్సు విదేశీ దళం 1831 నుంచి ఉంది. 17న్నర నుంచి 39న్నర ఏళ్ళ లోపు పురుషులు సొంత ఖర్చుతో ఫ్రాన్సుకు వెళ్ళి నియామక కేంద్రంలో హాజరు కావాలి, మొదటి ఒప్పందం ఐదేళ్ళు, మూడేళ్ళ సేవ తరువాత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. చేరడానికి రుసుము లేదు, మధ్యవర్తులు లేరు. అమెరికాలో గ్రీన్‌కార్డు ఉన్నవారు సిపాయిలుగా చేరవచ్చు. 2009లో మొదలైన మావ్నీ పథకం కింద భాషలు తెలిసినవారిని, వైద్య నైపుణ్యం ఉన్నవారిని విద్యార్థి వీసా మీద ఉన్నా తీసుకున్నారు. కానీ 2016లో కొత్త చేరికలు ఆపేశారు. అప్పటికే సంతకం చేసినవారి నేపథ్య తనిఖీలు ఏళ్ళ తరబడి సాగి, ఈలోగా చాలామంది వీసా గడువు ముగిసి దిక్కుతోచక నిలబడ్డారు. చట్టం గట్టిగా ఉన్న దేశంలోనే పరాయివాడి పరిస్థితి అలా ఉంటే, చదవలేని భాషలో సంతకం చేసినవాడి సంగతి ఆలోచించండి.

ఆ సంతకం దాకా మా ఇంట్లోనే వచ్చింది. కంభంలో ఉండే మా అక్క కొడుకు అగ్నివీర్ రాత పరీక్ష రెండుసార్లు తప్పాడు, వయసు దాటిపోయింది. 2023 చివర్లో ఒక ఏజెంటు మీకు చెప్పిన మాటలే వాడికీ చెప్పాడు. 'మామా, తుపాకి పట్టే పని కాదంట, సామాన్లు మోసే పనంట' అని వాడు సంతోషంగా చెప్పినప్పుడు నాకు గుండె జారిపోయింది. యుద్ధం జరిగే చోట సామాన్లు మోసేవాడు ఎక్కడికి మోసుకెళ్ళాలో నాకు తెలుసు. బావగారు మిరప పంట డబ్బులోంచి 50 వేలు అప్పటికే ఇచ్చేశారు. వాడి దగ్గర ఉన్న రష్యన్ కాగితాల ఫోటోలను, రష్యాలో వైద్యం చదివి వచ్చిన ఒంగోలు డాక్టరు గారికి చూపించాను. ఆయన నిదానంగా చదివి, ఇది రక్షణ శాఖతో సైనిక సేవకు చేసుకునే ఒప్పందమనీ, సహాయకుడు అన్న మాట ఇందులో ఎక్కడా లేదనీ చెప్పారు. వాణ్ణి ఆపగలిగాం. 2024 మార్చిలో హైదరాబాదు యువకుడొకరు అక్కడ యుద్ధంలో చనిపోయిన వార్త వచ్చింది, సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం అలా చేరిన భారతీయులు 126 మంది, వారిలో 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ లేదు.

ఇక మీ ఏజెంటు విషయం. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపేవారికి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో పేరు వెతికితే తెలిసిపోతుంది. రిజిస్టరు అయినవారు సైతం సేవా రుసుముగా 30 వేలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. 3 లక్షలు అడిగాడంటేనే అతను ఆ చట్టానికి బయట ఉన్నాడు. పౌరసత్వం ఆశ చూపుతున్నాడు కాబట్టి ఇంకొక మాట: మరో దేశ పౌరసత్వం కోరి తీసుకుంటే మన చట్టం ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. రేపు ఆపద వస్తే మన రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించే హక్కు దానితోనే పోతుంది.

డబ్బు ఇంకా ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చి ఉంటే రసీదులు, ఫోన్ సందేశాలు జాగ్రత్త చేసి పోలీసులకు ఫిర్యాదు రాసి ఇవ్వండి. మాకు 50 వేలు తిరిగి రాలేదు. మా మేనల్లుడి పాస్‌పోర్టును కూడా వీసా పేరు చెప్పి తన దగ్గరే పెట్టుకున్న ఆ ఏజెంటు, స్టేషనులో ఫిర్యాదు ఇచ్చాకే దాన్ని వదిలాడు. మీ తమ్ముడి పాస్‌పోర్టు ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ముందుగా కనుక్కోండి.