ప్రోగ్రామ్ నుంచి తెలుగు సబ్జెక్ట్‌తో మెయిల్: స్ట్రింగులు చేత్తో అతికించకండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: రోజూ రాత్రి నడిచే పైథాన్ స్క్రిప్ట్ నుంచి ముప్పై మందికి రిపోర్ట్ వెళ్లాలి. సబ్జెక్ట్ తెలుగులో ఉండాలి, ఒక ఎక్సెల్ ఫైల్ జతచేయాలి, పెద్ద ఫ్రేమ్‌వర్క్ ఏదీ వద్దు. హెడర్లు (సబ్జెక్ట్, టు లాంటి పై లైన్లు), బాడీ మీరే స్ట్రింగులుగా, అంటే మామూలు టెక్స్ట్ ముక్కలుగా, కలిపి సర్వర్‌కి ఇచ్చేస్తే సరిపోదా అని అడిగారు.

సరిపోదండి. నేను అచ్చం అలాగే చేసి రెండుసార్లు దెబ్బతిన్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఫ్రేమ్‌వర్క్ అక్కర్లేదన్న మీ మాట మాత్రం నిజమే. పైథాన్‌తో పాటే వచ్చే రెండు చాలు: మెయిల్ తయారు చేయడానికి ఈమెయిల్‌మెసేజ్ క్లాస్, పంపడానికి ఎస్ఎంటీపీలిబ్. విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

మొదటి దెబ్బ సబ్జెక్ట్ దగ్గర తగిలింది. మెయిల్ హెడర్లు ఆస్కీ అక్షరాల (ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, మామూలు గుర్తులు) కోసం పుట్టినవి. తెలుగు వెళ్లాలంటే యూటీఎఫ్-8 (అన్ని భాషల అక్షరాల్నీ బైట్లుగా రాసే పద్ధతి) బైట్లుగా మార్చి, మామూలుగా బేస్64 చేసి, అంటే ఆ బైట్లని మళ్లీ ఆస్కీ అక్షరాలుగా రాసి, ముక్కలుగా పెట్టాలి. ఒక్కో ముక్క 75 క్యారెక్టర్లు దాటకూడదు. ముందూ వెనకా ఉండే గుర్తులకు 12 పోతే 63 మిగులుతాయి, బేస్64లో ప్రతి 3 బైట్లకీ 4 క్యారెక్టర్లు కావాలి కాబట్టి లోపల 45 బైట్లు పడతాయి. నేను లెక్కగా ప్రతి 45 బైట్లకీ కోసేశాను. తెలుగు అక్షరం గానీ గుణింతపు గుర్తు గానీ ఒక్కోటి 3 బైట్లు కాబట్టి కోత ఎప్పుడూ సరిగ్గా పడుతుందని ధీమా.

"నెలవారీ హాజరు వివరాలు" అని పంపాను. కొందరికి చివరి మాట "వి" తర్వాత నల్ల డైమండ్లలో ప్రశ్నార్థకాలు, ఆ తర్వాత "రాలు" అని కనిపించింది. స్పేస్ ఒక్క బైటే కదా! రెండు స్పేస్‌లు రావడంతో లెక్క జరిగి, 45వ బైటు దగ్గర కోత సరిగ్గా చివరి మాటలోని రెండో "వ" మధ్యలో పడింది. నా మెయిల్ యాప్ ఆ ముక్కల్ని కలిపి చదివేది కాబట్టి నాకు బాగానే కనిపించింది. టెస్ట్ చేసినప్పుడేమో ఒకే మాట పెట్టి చూశాను, అసలు రెండో ముక్కే రాలేదు. ఒక అక్షరాన్ని రెండు ముక్కల మధ్య విరగ్గొట్టకూడదని మెయిల్ ప్రమాణంలో (స్టాండర్డ్‌లో) స్పష్టంగా ఉంది. ఈమెయిల్‌మెసేజ్‌కి సబ్జెక్ట్‌ని మామూలు తెలుగు స్ట్రింగుగా ఇచ్చేస్తే ఈ కోతలన్నీ అదే చూసుకుంటుంది. సబ్జెక్ట్‌లో పొరపాటున కొత్త లైన్ గుర్తు ఉంటే ఎర్రర్ ఇస్తుంది. ఇది చాలా అవసరం: స్ట్రింగులు చేత్తో అతికిస్తే, యూజర్ ఇచ్చిన మాటలో కొత్త లైన్ పెట్టి ఎవరైనా తమకు కావలసిన హెడర్ దూర్చగలరు.

రెండో దెబ్బ ఇంకా బాధ పెట్టింది. ఎస్ఎంటీపీలో, అంటే సర్వర్‌కి మెయిల్ అందించే పద్ధతిలో, ఉత్తరం వేరు, కవరు వేరు. సర్వర్ మెయిల్‌ని కవరు మీది అడ్రసులకే పంపుతుంది. టు, సీసీ, బీసీసీ హెడర్లు ఉత్తరం లోపలి రాతలు. నాకీ తేడా తెలియక బీసీసీ లైన్‌ని (మిగతావాళ్లకి కనిపించకూడని అడ్రసుల్ని) కూడా స్ట్రింగులో కలిపి పంపాను. అది అలాగే వెళ్లిపోయింది. అందుకున్న ఒకావిడ మెయిల్ సోర్స్ తెరిచి చూసి, "మా అందరి అడ్రసులూ ఇందులో ఉన్నాయేంటండీ?" అని అడిగారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. సెండ్ మెసేజ్ అనే మెథడ్ వాడితే, అది బీసీసీలోని వాళ్లని కవరు మీదకి ఎక్కించి, ఉత్తరంలోంచి ఆ లైన్ తీసేస్తుంది. అయినా ముప్పై మందే కాబట్టి ఎవరి మెయిల్ వాళ్లకి విడిగా పంపమనే నా సలహా. కనెక్షన్ ఒకసారే తెరిచి, లూప్‌లో ఒక్కొక్కరికీ కొత్త మెసేజ్ కట్టండి. పాత మెసేజ్‌లోనే టు మళ్లీ రాస్తే విలువ మారదు, రెండో టు హెడర్ చేర్చబోయి ఎర్రర్ వస్తుంది.

బాడీకి సెట్ కంటెంట్‌తో ముందు మామూలు టెక్స్ట్ ఇవ్వండి, తర్వాత యాడ్ ఆల్టర్నేటివ్‌తో హెచ్‌టీఎంఎల్, చివరికి యాడ్ అటాచ్‌మెంట్‌తో ఎక్సెల్. వరస ముఖ్యం. ఒకే విషయానికి రెండు రూపాలున్నప్పుడు చివరిదే మేలైనదని మెయిల్ యాప్‌లు అనుకుంటాయి. ఫైల్ బేస్64 అయ్యాక మూడో వంతు పెరుగుతుందని కూడా గుర్తుంచుకోండి: 18 ఎంబీ ఫైల్ 24 దాటుతుంది, జీమెయిల్ పరిమితి 25.

పంపే ముందు ఒక్క పని చేయండి. తయారైన మెసేజ్‌ని బైట్లుగా ఒక ఈఎంఎల్ ఫైల్‌లో రాసి, మెయిల్ యాప్‌లో తెరిచి చూడండి, ఆ తర్వాత టెక్స్ట్ ఎడిటర్‌లో కూడా తెరవండి. ఎవరికీ ఏమీ వెళ్లకుండానే చాలా తప్పులు అక్కడే బయటపడతాయి. నేను ఇప్పటికీ ప్రతి కొత్త టెంప్లేట్‌కీ ఇలా చూడందే పంపను.

పంపడం తేలిక. పోర్ట్ 587 అయితే కనెక్ట్ అయ్యాక స్టార్ట్‌టీఎల్ఎస్ పిలిచి ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టాలి, 465 అయితే మొదటి నుంచీ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. పాస్‌వర్డ్ కోడ్‌లో రాయకండి. టైమౌట్ మీరే పెట్టండి, 30 సెకన్లు చాలు. పెట్టకపోతే సర్వర్ పలకని రోజున స్క్రిప్ట్ తెల్లారేదాకా అలాగే వేలాడుతుంది. ఫ్రమ్‌లో మీకు అనుమతి ఉన్న అడ్రసే వాడండి. జవాబులు వేరొకరికి వెళ్లాలంటే రిప్లై-టు ఉంది. సొంత డొమైన్ అయితే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు (మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని చూపేవి) సరిచూసుకోండి, లేకపోతే మెయిల్ స్పామ్‌లో పడే అవకాశం ఎక్కువ.

ఇక ఎర్రర్లు. సర్వర్ 4తో మొదలయ్యే కోడ్ ఇస్తే కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించండి. 5తో మొదలైతే అదే మెయిల్ మళ్లీ పంపి లాభం లేదు, కారణం చూడాలి. అందరికీ ఒకే మెయిల్ పంపేటప్పుడు ఒకరి అడ్రస్‌ని సర్వర్ కాదన్నా, మిగతావాటిలో ఒక్కటైనా ఒప్పుకుంటే సెండ్ మెసేజ్ ఎక్సెప్షన్ (ప్రోగ్రామ్‌ని ఆపేసే ఎర్రర్) ఇవ్వదు. కాదన్న అడ్రసుల్ని ఒక డిక్షనరీలో పెట్టి తిరిగిస్తుంది. నేను దాన్ని చూడకపోవడం వల్ల ఒకాయనకి మూడు నెలలు రిపోర్టే అందలేదు. విడివిడిగా పంపితే అదే తప్పు ఎక్సెప్షన్‌గా వచ్చి లూప్‌ని ఆపేస్తుంది, కాబట్టి ఒక్కొక్కరి సెండ్‌నీ ట్రైలో (ఎర్రర్‌ని పట్టుకునే బ్లాక్‌లో) పెట్టి, ఫెయిలైన అడ్రస్ లాగ్‌లో రాసి ముందుకు సాగండి. సర్వర్ 250 (సరే అనే కోడ్) అని ఒప్పుకున్నాక కూడా కొన్ని మెయిళ్లు బౌన్స్ అయి వెనక్కి వస్తాయి. అవి మామూలుగా పంపిన అడ్రస్‌కే చేరతాయి, ఆ ఇన్‌బాక్స్‌ని వారానికోసారైనా ఎవరో ఒకరు చూసేలా ఏర్పాటు చేసుకోండి.