వీసా మీది, అర్హత అమ్మాయిది

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. మావారు హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్నారు. నేను ఆయనపై ఆధారపడినవారికిచ్చే హెచ్-4 వీసాపై ఉన్నాను, నాకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు. ఇక్కడే పుట్టిన మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. 2026-27లో కాలేజీలో చేరడానికి ప్రభుత్వ ఆర్థిక సహాయం కోరుతూ ఫాఫ్సా దరఖాస్తు పెట్టమని స్కూలులో చెప్పారట. గ్రీన్‌కార్డు లేనివారికి అది వర్తించదని, వర్తించినా మా ఆదాయానికి ఏమీ రాదని తెలిసినవారు అంటున్నారు. ఊళ్లో మావారి పేరు మీద రెండెకరాల పొలం ఉంది, దాన్ని చూపించాలా? దరఖాస్తు నింపిపెట్టడానికి ఒకరు డబ్బు అడుగుతున్నారు, ఇవ్వవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: దరఖాస్తు చేసేది మీ అమ్మాయి, మీరు కాదు. ఆమె అమెరికా పౌరురాలు కనుక మీ వీసా ఏదైనా ఆమె అర్హతకు అడ్డం కాదు. హెచ్-4పై ఉన్న పిల్లలకు సమాఖ్య (ఫెడరల్) సహాయం రాదన్న మాట నిజమే. ఆ నిబంధనను ఇక్కడ పుట్టిన పిల్లలకు కూడా అంటగట్టి, ఎన్నో కుటుంబాలు దరఖాస్తే పెట్టకుండా ఊరుకోవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

మీకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోవడం కూడా పెద్ద చిక్కు కాదు. భార్యాభర్తలు ఉమ్మడిగా పన్ను రిటర్ను దాఖలు చేసి ఉంటే తల్లిదండ్రులలో ఒకరు దరఖాస్తు వెబ్‌సైటులో ఖాతా తెరిచి సంతకం చేస్తే చాలు. ఆ పని మీవారు చేయవచ్చు. 2026-27కు 2024 ఆదాయాన్ని చూస్తారు. ఆ వివరాలను పన్నుల శాఖ నుంచి నేరుగా తీసుకోవడానికి మీవారు, అమ్మాయి ఇద్దరూ సమ్మతి ఇవ్వాలి. ఒక్కరు ఇవ్వకపోయినా సమాఖ్య సహాయం మొత్తం ఆగిపోతుంది. ఇక పేర్ల విషయంలో జాగ్రత్త అవసరం. ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరొక కాగితంలో వెనుక ఉండడం మనవారికి మామూలే కాబట్టి, ఖాతాలో పేరును సోషల్ సెక్యూరిటీ కార్డుపై ఉన్నట్టే రాయించండి.

పొలం చూపించి తీరాలి. మీరు నివసించే ఇంటినీ, 401(కె) వంటి పదవీ విరమణ ఖాతాలలోని సొమ్మునూ లెక్కలోకి తీసుకోరు గాని, మరే స్థిరాస్తి అయినా, అది ఏ దేశంలో ఉన్నా, పెట్టుబడి కిందికే వస్తుంది. రాయవలసింది రిజిస్ట్రేషను కాగితంలోని విలువ కాదు. దరఖాస్తు చేసే రోజున అమ్మితే వచ్చే ధరలోంచి ఆ పొలంపై ఉన్న అప్పును తీసివేసి, మిగిలినదాన్ని డాలర్లలోకి మార్చి రాయాలి. మామగారి పేరు మీద ఉన్న ఆస్తి అయితే మీరు చూపనక్కరలేదు. ఉమ్మడి ఆస్తి అయితే మీవారి వాటా మాత్రమే చూపాలి. కౌలు వస్తుంటే అది ఇప్పటికే మీ పన్ను రిటర్నులో ఉండి ఉండాలి. చూపిస్తే అంతా పోతుందన్న భయం అక్కరలేదు, ఎందుకంటే తల్లిదండ్రుల ఆస్తిలో గరిష్ఠంగా 5.64 శాతమే కుటుంబం చదువుకు పెట్టుకోగలదని వేసే లెక్కలోకి వస్తుంది, అమ్మాయి పేరనే దాచిన సొమ్ములోనైతే 20 శాతం వస్తుంది. తెలిసి తెలిసి తప్పుడు వివరాలు ఇస్తే మాత్రం 20,000 డాలర్ల వరకు జరిమానా గాని, జైలు గాని, రెండూ గాని పడవచ్చు. వీసాపై ఉన్న కుటుంబం ఆ సాహసం అసలు చేయకూడదు.

ఆదాయం సంగతికి వస్తే, 2025-26లో గరిష్ఠంగా 7,395 డాలర్లున్న, తిరిగి కట్టనక్కరలేని సమాఖ్య సాయమైన పెల్ గ్రాంటు తక్కువ ఆదాయం గల కుటుంబాలకే దక్కుతుంది. మీకు అది రాకపోవచ్చు. అయినా దరఖాస్తు వృథా కాదు. ఆదాయంతో నిమిత్తం లేకుండా మొదటి ఏడాది విద్యార్థి పేరనే 5,500 డాలర్ల వరకు సమాఖ్య రుణం తీసుకునే వీలుంది, కానీ ఇది తీర్చవలసిన అప్పేనని, అవసరాన్ని నిరూపించుకోలేనివారికి సొమ్ము చేతికి వచ్చిన నాటి నుంచే వడ్డీ పెరుగుతుందని అమ్మాయికి వివరంగా చెప్పండి. కాలిఫోర్నియా రాష్ట్రం ఇచ్చే కాల్ గ్రాంటుకు, మధ్యతరగతి కుటుంబాల పిల్లలు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో చదివితే ఇచ్చే మిడిల్ క్లాస్ స్కాలర్‌షిప్‌కు కూడా ఇదే దరఖాస్తు పనికివస్తుంది. స్టాన్‌ఫర్డ్ వంటి కొన్ని ప్రైవేటు సంస్థలు దీనితోపాటు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే మరో దరఖాస్తు అడుగుతాయి, దానికి రుసుము ఉండవచ్చు. 2024 తరువాత మీవారి ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా, కాలేజీలోని ఆర్థిక సహాయ విభాగానికి ఆధారాలతో రాసి పునఃపరిశీలన కోరండి. ఆదాయపు లెక్కను సవరించే అధికారం వారికి ఉంది.

నింపిపెడతానన్న వ్యక్తికి డబ్బు ఇవ్వకండి. 'ఉచిత' (ఫ్రీ) అన్న మాట ఫాఫ్సా దరఖాస్తు పూర్తి పేరులోనే ఉంది. విద్యాశాఖ వారి స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ వెబ్‌సైటులో తండ్రీకూతుళ్లు పక్కపక్కన కూర్చుని నింపుకోవచ్చు, సందేహాలుంటే స్కూలు కౌన్సెలరును అడగవచ్చు. ఖాతా పాస్‌వర్డు చట్టరీత్యా సంతకంతో సమానం కనుక దాన్ని పరాయివారి చేతిలో పెట్టకూడదు. దరఖాస్తులు ఏటా అక్టోబరు 1 నాటికి మొదలవుతాయి. సమాఖ్య గడువు చాలా దూరం ఉన్నా, కాల్ గ్రాంటుకు సాధారణంగా మార్చి 2 ఆఖరు తేదీ, కాలేజీలు అంతకంటే ముందు తేదీలు పెట్టుకోవచ్చు. అందుచేత అమ్మాయి ఎంచుకున్న ప్రతి కాలేజీ గడువునూ ముందే రాసి పెట్టుకోండి.